ఉదయపూర్ సంగీత్‌లో రాజస్థానీ నృత్యాలు: ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి?

గోదారిగట్టు | సోమవారం, ఉదయం 10:12

డిసెంబరు మూడో వారంలో ఉదయపూర్‌లో పెళ్ళి. అమ్మాయి మా అక్క కూతురు, అబ్బాయి వాళ్ళది జోధ్‌పూర్. సరస్సు ఒడ్డున లాన్, 180 మంది. స్టేజీ 24 అడుగుల వెడల్పు, 16 అడుగుల లోతు. ఈవెంట్ వాళ్ళు సంగీత్‌కి 45 నిమిషాల "రాజస్థానీ ప్యాకేజీ" రాసిచ్చారు. అందులో ఘూమర్‌కి ఎనిమిది మంది, కాల్బేలియా ఇద్దరు, చరీ ఇద్దరు, భవాయీ ఒకరు, తేరాతాళీ ముగ్గురు, చివర్లో అగ్నినృత్యం. బరాత్‌కి కచ్ఛీ ఘోడీ విడిగా. పాటలన్నీ రికార్డువే.

ఇవన్నీ 45 నిమిషాల్లో అవుతాయా? ఇంకో సంగతి. లిస్టు చూసి అబ్బాయి నానమ్మగారు "ఘూమర్‌కి బయటివాళ్ళా?" అన్నారట. ఆవిడకి ఎక్కడ నచ్చలేదో మాకు తెలియలేదు. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

డోలక్‌దరువు | సోమవారం, ఉదయం 11:40

నానమ్మగారు అడిగింది సరైన ప్రశ్నండీ. ముందు దాని సంగతే చూద్దాం.

ఘూమర్ అంటే వలయంగా తిరుగుతూ ఆడే నృత్యం, మొదట భీల్ తెగవాళ్ళది. తర్వాత రాజపుత్రుల ఇళ్ళలోకి వచ్చింది. అక్కడ అది ఆడవాళ్ళు తమలో తాము, జనానాలో (ఆడవాళ్ళ అంతఃపురంలో) చేసుకునే నృత్యం. గణగౌర్, తీజ్ పండుగలకి, పెళ్ళిళ్ళకి చేస్తారు. కోడలు అత్తవారింట్లో అడుగుపెట్టాక ఆ ఇంటి ఆడవాళ్ళతో కలిసి ఘూమర్ వెయ్యడం ఆనవాయితీ. మనకి బతుకమ్మ ఎలాగో వాళ్ళకి ఇది అలాగ. బతుకమ్మ ఆడటానికి డబ్బులిచ్చి ఎనిమిది మందిని పిలిచి మనం కుర్చీల్లో కూర్చుంటే మన అమ్మమ్మలేమంటారు? ఆవిడా అదే అన్నారు.

కాబట్టి ఆ ఎనిమిది మందిని తీసెయ్యండి. పాడేవాళ్ళని, డోలు వాయించేవాళ్ళని మాత్రం పెట్టుకుని రెండు వైపుల ఆడవాళ్ళూ కలిసి వెయ్యండి. అదీ స్టేజీ మీద కాదు, కింద.

కచ్ఛీ ఘోడీ ఉంచండి. శేఖావాటీ ప్రాంతపు మగవాళ్ళ నృత్యం, మగపెళ్ళివారి ఊరేగింపుతో వచ్చేది. వెదురు చట్రానికి గుర్రం తల, అద్దాల బట్ట తొడిగి, నడుముకి తగిలించుకుని, చేత కత్తి పట్టి ఆడతారు. మన జాతర ఊరేగింపుల్లో కీలుగుర్రాలు చూసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. అసలు అందం నలుగురు ఒక వరస, నలుగురు ఎదురు వరస నిలబడి ముందుకీ వెనక్కీ కదలడంలో ఉంది. పైనుంచి చూస్తే పువ్వు రేకులు విచ్చుకున్నట్టు ఉంటుంది. ఇద్దరినే పంపిస్తే ఆ ఆకారమే రాదు. ఎనిమిది మంది కుదరకపోతే కనీసం నలుగుర్ని అడగండి.

వేదిక_పనోడు | సోమవారం, మధ్యాహ్నం 1:05

45 నిమిషాల్లో ఆరు అంశాలు అవ్వవు. భవాయీకి తల మీద కుండలు ఒక్కొక్కటీ ఎక్కించాలి కాబట్టి 8 నుంచి 10 నిమిషాలు పడుతుంది. తేరాతాళీ ఇంచుమించు అంతే. కాల్బేలియా 6 లేదా 7, చరీ 5. మధ్యలో సామాను మార్చడానికి తలా మూడు నిమిషాలు. మూడు అంశాలు పెట్టుకుంటే ఊపిరి ఆడుతుంది.

ఈ నృత్యాల్లో ప్రమాదాలు చాలావరకు నేలవల్లే వస్తాయి. ఈ కళాకారులు ఆడేది చెప్పుల్లేకుండా. ప్లైవుడ్ మీద పరిచే కార్పెట్ వదులుగా ఉంటే తిరిగేటప్పుడు కాలివేళ్ళ కింద ముడత లేస్తుంది. పడేది అక్కడే. కార్పెట్ వద్దు. బిగుతుగా బిగించిన ప్లైవుడ్ మీద మెరుపు లేని వినైల్ పరచమనండి. అతుకులు స్టేజీ వెడల్పు వెంట ఉండాలి, ముందునుంచి వెనక్కి రాకూడదు, టేపు అంచులు లేవకూడదు.

భవాయీకి ఎత్తు కొలవండి. ఏడు కుండల దొంతరలో ఒక్కో కుండ జానెడు పైకి కనిపించినా దొంతరే అయిదడుగుల పైన. కళాకారిణి ఎత్తు అయిదుంబావు. ఇత్తడి పళ్ళెం అంచు మీదో గాజు గ్లాసుల మీదో నిలబడితే ఇంకో అర అడుగు. మొత్తం పది దాటింది. స్టేజీ పైన పూలదండలు 13 అడుగుల కిందికి వేలాడకూడదు. షామియానాలో ఫ్యాన్ ఉంటే ఆ పది నిమిషాలూ ఆపెయ్యాలి.

కుండలు పడటానికి పెద్ద కారణం లైట్లు. ఆవిడ ఎదురుగా ఒక చుక్క మీద చూపు నిలిపి తూకం పట్టుకుంటుంది. ఆ క్షణంలో ముందునుంచి మెరుపు లైటు కొట్టినా, కాగితపు ముక్కలు పేల్చినా చూపు జారుతుంది. కుండలతో ఉన్నంతసేపూ లైటు మారకూడదని కన్సోల్ దగ్గర కుర్రాడికి ముందే చెప్పి ఉంచండి.

వరస కూడా ముఖ్యం. గ్లాసుల మీద భవాయీ అయ్యాక కాల్బేలియా పెట్టకండి. ఒక్క గాజు పెంకు మిగిలినా ఉత్త కాళ్ళతో తిరిగేవాళ్ళకి దిగుతుంది. భవాయీ చివర్లో ఉండాలి.

గోదారిగట్టు | సోమవారం, మధ్యాహ్నం 2:30

ధన్యవాదాలండీ, లిస్టు అప్పుడే సగమైంది. రెండు సందేహాలు. మా బావగారికి అగ్నినృత్యం ఉండాలని బాగా కోరిక. తేరాతాళీ భక్తి నృత్యమని ఎక్కడో చదివాను, సంగీత్‌లో పెడితే తప్పా?

డోలక్‌దరువు | సోమవారం, సాయంత్రం 4:18

అగ్నినృత్యం బికానేర్ వైపు కతరియాసర్ కేంద్రంగా ఉన్న జసనాథీ సంప్రదాయపు సిద్ధులది. వాళ్ళ జాగరణల్లో, రాత్రిపూట, నిప్పుల మీద నడుస్తూ చేసే మొక్కు అది. మన అగ్నిగుండాలు తొక్కడం లాంటిది. పెళ్ళి ప్యాకేజీలో ఆ పేరు పెట్టి పంపేది సాధారణంగా నోట్లో కిరోసిన్ పోసుకుని మంట ఊదే విన్యాసం. దానికీ దీనికీ సంబంధం లేదు. ఊదేవాడికి ఊపిరితిత్తుల్లోకి నూనె పోయే ప్రమాదం, ఎదుట కూర్చున్నవాళ్ళకి మంట ప్రమాదం. బావగారికి ఇలాగే చెప్పండి, ఆయన వింటారు.

నిప్పు కనిపించాలంటే చరీ ఉంది కదా. కిషన్‌గఢ్ చుట్టుపక్కల గుజ్జర్ ఆడవాళ్ళది. ఇత్తడి చెంబు తల మీద పెట్టి, అందులో నూనెలో నానిన పత్తి గింజలు వెలిగిస్తారు. గింజలే ఎందుకంటే అవి నూనె పీల్చుకుని పట్టి ఉంచుతాయి. చెంబు వంగినా మంట ఒలకదు, నిదానంగా కాలుతుంది. గింజల్ని ముందే నానబెట్టి, నూనె ఒడగట్టి, చెంబులో ముప్పావు వంతే నింపాలి. అంచుదాకా నింపినా, పైనుంచి నూనె పోసినా తిరిగేటప్పుడు అంచు మీదుగా కారి ఓఢ్‌ణీ (తలమీది ముసుగు) అంటుకుంటుంది. తల మీద ఓఢ్‌ణీ నూలుదై ఉండాలి. సింథటిక్ అయితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. డోలు, థాలీ, బాంకియా అనే పొడవాటి బూరతో చరీకి ఊపు వస్తుంది.

తేరాతాళీ తప్పు కాదు, చోటు మాత్రం చూడాలి. అది కామడ్ కులస్థులది, పాలీ జిల్లా పాదర్లా ఊరు దానికి పేరు. రామదేవ్‌జీ అనే దేవుణ్ణి కొలుస్తూ చేస్తారు. పదమూడు మంజీరాలు (చిన్న ఇత్తడి తాళాలు) ఉంటాయి. కుడికాలికి తొమ్మిది, రెండు మోచేతులకి రెండు, చేతుల్లో రెండు. ఆడవాళ్ళు నేల మీద కూర్చుని, కాలు చాపి, చేతిలో తాళాలు విసిరి మిగతావాటిని కొడతారు. పళ్ళ మధ్య కత్తి, తల మీద కలశం, దాని మీద దీపం. మగవాళ్ళు తందూరా మీటుతూ భజన పాడతారు. మద్యం గ్లాసులు తిరిగే చోట, డీజేకి ముందు పెడితే ఆ పాటకి అవమానం. పెళ్ళికి ముందురోజు ఉదయం, పసుపు కార్యక్రమం అయ్యాక, అందరూ కింద కూర్చుని ఉన్నప్పుడు పెట్టండి.

వేదిక_పనోడు | సోమవారం, సాయంత్రం 5:02

దీనికి నా వైపు నుంచి రెండు మాటలు. తేరాతాళీ అంతా నేల మట్టంలో జరుగుతుంది. కుర్చీల్లో కూర్చుంటే రెండో వరస నుంచి తలకాయలే కనిపిస్తాయి. చూసేవాళ్ళు చాపల మీద కూర్చోవాలి, లేకపోతే కళాకారుల్ని రెండున్నర అడుగుల ఎత్తు అరుగు మీద కూర్చోబెట్టాలి. ఇత్తడి తాళాలకి మైకు దగ్గరగా పెట్టొద్దు, చెవుల్లో గుచ్చుకుంటుంది. ఒక్క మైకు, నాలుగడుగుల దూరంలో చాలు. 180 మందికి పాటకే మైకు కావాలి, తాళాలు వాటంతటవే వినబడతాయి.

చరీకి సరస్సు గాలి చూసుకోండి. మంట ఓఢ్‌ణీ వైపు వాలుతుందంటే ఆపెయ్యాలి. ఇద్దరి మధ్యా ఆరడుగుల ఖాళీ, పక్కన తడి గోనెసంచి, ఇసుక బకెట్, మంటలార్పే సిలిండర్, వాటి దగ్గర కదలకుండా ఒక మనిషి. లోపల హాల్లో అయితే వేదిక వాళ్ళ రాతపూర్వక అనుమతి లేకుండా వెలిగించకండి. పొగకి అలారం మోగి స్ప్రింక్లర్లు తెరుచుకుంటే రాత్రంతా పోయినట్టే.

కుచ్చిళ్ళు | సోమవారం, రాత్రి 8:20

ఇంటివాళ్ళు ఘూమర్ వేస్తారన్నారు కాబట్టి బట్టల సంగతి నేను చెబుతాను.

రాజపూతీ పోషాక్ నాలుగు భాగాలు: కుర్తీ, దానిలోపల కాంచళీ (రవిక), ఘాఘ్రా (లంగా), ఓఢ్‌ణీ. ఘాఘ్రాని కళీలతో లెక్కపెడతారు. కళీ అంటే పైన సన్నగా, కింద వెడల్పుగా కత్తిరించిన పొడవాటి ముక్క. 80 కళీల ఘాఘ్రా అని గొప్పగా చెప్పుకుంటారు గానీ మొదటిసారి వేసుకునేవాళ్ళకి అది మోయలేని బరువు.

లెక్క ఇలా వెయ్యండి. ఘాఘ్రా పొడవు మీటరు. నడుము సగం వెడల్పు కలిపితే, పూర్తిగా విచ్చుకున్నప్పుడు మధ్యనుంచి అంచుకి 1.1 మీటరు. ఆ చక్రం చుట్టుకొలత సుమారు 7 మీటర్లు. అంటే అంచు ఘేరా (చుట్టుకొలత) 7 మీటర్లుంటే చదునుగా గొడుగులా విప్పుకుంటుంది. 10 మీటర్లుంటే అలలు అలలుగా లేస్తుంది, ఫొటోల్లో చూసేది అదే. కింద పది అంగుళాల వెడల్పున్న 40 కళీలు కుడితే ఇంచుమించు 10 మీటర్లు వస్తుంది. అది చాలు.

మార్కెట్లో దొరికే పెళ్ళి లెహంగాలతో ఘూమర్ వెయ్యొద్దు. లోపల గట్టి వల, బక్రం ఉంటాయి. తిరిగితే బట్ట లేవదు, గంటలా ఊగి మోకాళ్ళకి కొడుతుంది. ఘాఘ్రాకి మెత్తటి నూలు అస్తరు, అంచుకి గోటా (జరీ పట్టీ) ఉండాలి. ఆ గోటా బరువే అంచుని సమంగా లేపుతుంది. పొడవు చీలమండకి రెండంగుళాలు పైకి. ఓఢ్‌ణీకి నడినెత్తిన, భుజాన, నడుము దగ్గర మూడు చోట్ల పిన్నులు పెట్టాలి. నెత్తిన ఒక్కటే పెడితే రెండో చుట్టుకే జారుతుంది.

ఇప్పుడు జాగా. ఇద్దరు పక్కపక్కన తిరగాలంటే వాళ్ళ మధ్య 2.2 మీటర్లు కావాలి. ఎనిమిది మంది వలయానికి మొత్తం 8 మీటర్లు, అంటే 26 అడుగుల అడ్డుకొలత. మీ స్టేజీ లోతు 16 అడుగులే, అక్కడ పూర్తి ఘేరాతో వలయంగా తిరగగలిగేది ముగ్గురు. ప్యాకేజీలో ఎనిమిది మందిని ఎలా రాశారో మరి! కింద లాన్‌లో 30 అడుగుల చదరం నేల పరిపించుకోండి.

హుస్సేన్‌సాగర్ | సోమవారం, రాత్రి 9:45

అడుగులు కూడా చెప్పండి కుచ్చిళ్ళు గారూ. హైదరాబాద్ సంగీత్‌లలో ఘూమర్ అంటే సినిమాపాటకి నడుము తిప్పడం అయిపోయింది.

కుచ్చిళ్ళు | సోమవారం, రాత్రి 10:10

ఘూమర్‌లో నడుము ఊపడం లేదండీ. వెన్ను నిటారుగా ఉంటుంది, కదలికంతా పాదాల్లో, మణికట్టులో, ఘాఘ్రాలో. తాళం మామూలుగా ఎనిమిది మాత్రల కహర్వా.

నేర్చుకునేవాళ్ళు మొదట రెండు రోజులు వలయంలో నడక మాత్రమే చెయ్యాలి. ఎనిమిది లెక్కకి ఎనిమిది అడుగులు, మోకాలు కొంచెం సడలించి. తల మీద బిందె ఉన్నట్టు నడవాలి, పైకీ కిందికీ ఎగరకూడదు. తర్వాత వలయం లోపలికి వంగి చప్పట్టు, వెనక్కి తేలి చిటిక. ఆపైన తిరగడం. ఎడమకాలి మునివేళ్ళ మీద ఇరుసులా నిలబడి కుడికాలితో నేలని నెట్టాలి. ఒక చెయ్యి తల పైకి, ఒకటి నడుము ఎత్తున. నాలుగు చుట్లు ఒక వైపు, నాలుగు రెండో వైపు. రెండు వైపులా తిరగడంవల్ల కళ్ళు తిరగడం తగ్గుతుంది, చుట్టుకున్న బట్టా విడుతుంది.

అందరూ తప్పేది ఆగడంలోనే. మనిషి ఆగినా 10 మీటర్ల బట్ట ఆగదు, ఇంకో సగం చుట్టు తిరిగి కాళ్ళకి చుట్టుకుంటుంది. వెంటనే ముందుకి అడుగేస్తే బోర్లా పడతారు. చివరి చుట్టు నెమ్మదిగా వేసి, ఆగగానే ఎదురు దిశలో సగం అడుగు వెయ్యాలి. ఇది లెగ్గింగ్స్ వేసుకుని ఎంత సాధన చేసినా రాదు. మూడో రోజునుంచి ఘాఘ్రా కట్టుకునే సాధన చెయ్యాలి.

పాటలపెట్టె | మంగళవారం, ఉదయం 7:50

రికార్డు పాటలన్నారు, అక్కడ ఆగండి. ఖర్చు తగ్గించాలంటే నృత్యాలు తగ్గించండి గానీ పాడేవాళ్ళని తీసెయ్యకండి. జైసల్మేర్, బాడ్‌మేర్ వైపు మాంగణియార్లు, లంగాలు అనే రెండు కులాలవాళ్ళు తరతరాలుగా పోషకుల ఇళ్ళలో పుట్టుకకీ పెళ్ళికీ పాడే ముస్లిం గాయకులు. హిందూ ఇళ్ళ పెళ్ళిపాటలన్నీ మాంగణియార్లకి నోటికొచ్చు. బన్నా అంటే పెళ్ళికొడుకు, బన్నీ అంటే పెళ్ళికూతురు. ఆ పాటల్లో మీ పిల్లల పేర్లు కలిపి పాడతారు, అది రికార్డు ఎలా చేస్తుంది?

అయిదుగురి జట్టు సరిపోతుంది: కమాయిచా (కమానుతో వాయించే తంతివాద్యం), హార్మోనియం, డోలక్, ఖడ్తాల్ (చెక్క చిడతలు), మోర్‌చంగ్ (మన మోర్సింగ్). కమాయిచాకి మేకతోలు మూత ఉంటుంది, మంచు తగిలితే సడలి గొంతు బొంగురుపోతుంది. డోలక్‌కీ అంతే. వేదిక పక్కన వాయిద్యాలకి కప్పున్న గది ఇవ్వండి. జైసల్మేర్ నుంచి ఉదయపూర్ సుమారు 500 కిలోమీటర్లు. అదేరోజు బయల్దేరి రమ్మంటే గొంతులు పనిచెయ్యవు, ముందురోజే రప్పించండి.

హుస్సేన్‌సాగర్ | మంగళవారం, ఉదయం 9:15

పాటలపెట్టె గారూ, ఒక్కచోట ఒప్పుకోను. కాల్బేలియాకి మాంగణియార్లు వాయిస్తే చాలనుకోకూడదు. ఆ నృత్యానికి ఆ కులపు పుంగీ (పాములవాళ్ళ నాగస్వరం), డఫ్లీ (చిన్న డప్పు) కావాలి. పాము కదలిక ఆ పుంగీ సాగదీతలోంచే వస్తుంది.

పాటలపెట్టె | మంగళవారం, ఉదయం 9:40

ఒప్పుకుంటాను. పుంగీ ఒకటి, డఫ్లీ ఒకటి కాల్బేలియా కుటుంబంనుంచే రావాలి. డోలక్ మాత్రం ఇద్దరికీ ఒకటే సరిపెట్టొచ్చు.

హుస్సేన్‌సాగర్ | మంగళవారం, ఉదయం 10:25

అలాగైతే సరే. కాల్బేలియాలు పాములాడించేవాళ్ళు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ వృత్తి మూతపడ్డాక పాటా ఆటా వాళ్ళకి జీవనాధారమయ్యాయి. 2010లో యునెస్కో వాళ్ళ పాటల్నీ నృత్యాన్నీ మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ కులం నుంచి వచ్చిన గులాబో సపేరాకి 2016లో పద్మశ్రీ ఇచ్చారు. "పాముని కూడా తెస్తాం" అని ఎవరైనా మధ్యవర్తి అంటే వద్దనండి, చట్టప్రకారం నేరం.

వాళ్ళ దుస్తులు నల్లవి, ఎర్ర కుట్టుపని, అద్దాలు. వెనక నల్లటి ఎల్‌ఈడీ తెర పెడితే మనిషి కనిపించదు. వెనక గోధుమరంగో ఇటుకరంగో బట్ట పెట్టి, పసుపు లైటు పక్కలనుంచి వెయ్యండి. అద్దాలు మెరుస్తాయి. వెనక్కి వంగి నేలమీద ఉంగరాన్ని కనురెప్పలతో తీసే విన్యాసం అడక్కండి. పుల్లో మెరుపుపొడో కంట్లో పడితే ఎవరు బాధ్యులు?

తెలంగాణవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. అద్దాల లంగా చూసి మన లంబాడీ నృత్యం, కాల్బేలియా ఒకటే అనుకుంటారు. లంబాడీల భాష రాజస్థానీకి దగ్గరిది, మూలాలు అటువైపువే అంటారు. కానీ వేరే సమాజం, వేరే పాటలు, వేరే అడుగులు. హైదరాబాద్ పెళ్ళికి కాల్బేలియా పేరుతో ఎవరికో నల్ల లంగా కట్టి పంపేవాళ్ళున్నారు. పుంగీ వాయించేవాళ్ళు జట్టులో ఉన్నారా అని అడిగితే తేలిపోతుంది.

డోలక్‌దరువు | మంగళవారం, ఉదయం 11:30

డబ్బు, మర్యాద గురించి కూడా. నోట్లు మీద చల్లడం మాన్పించండి. కొత్త నోటు మీద ఉత్త కాలు జారుతుంది, ఏరుకోవడానికి కళాకారిణిని వంగనివ్వడం అన్యాయం. అక్కడి పద్ధతి న్యోఛావర్. మన దిష్టి తీసినట్టు డబ్బుని పెళ్ళికొడుకు తల చుట్టూ తిప్పి డోలు వాయించేవాళ్ళ చేతికిస్తారు. దానికి డోలు దగ్గర ఒక ఇత్తడి పళ్ళెం పెట్టండి.

ఒప్పందంలో జట్టు పెద్దకి ఎంత, మధ్యవర్తికి ఎంత అని విడివిడిగా రాయించుకోండి. తలుపున్న గది, అద్దం, వేడినీళ్ళు, ఆటకి రెండు గంటల ముందు భోజనం. అతిథులు తిన్నాక మిగిలింది పెట్టకూడదు. డిసెంబరు 21 నుంచి 30 దాకా ఉదయపూర్ శిల్పగ్రామ్ ఉత్సవం, మంచి జట్లకి తీరిక ఉండదు. ఇప్పుడే మాట్లాడుకోండి. అక్కడికి ముందే వెళ్ళేపనుంటే గణగౌర్ ఘాట్ దగ్గర బాగోర్ కీ హవేలీలో సాయంత్రం జరిగే ప్రదర్శన చూసి రండి. చరీ, తేరాతాళీ, భవాయీ అన్నీ దగ్గరనుంచి కనిపిస్తాయి.

గోదారిగట్టు | మంగళవారం, రాత్రి 8:55

అందరూ చెప్పినవి కలిపి ఇలా రాసుకున్నాం. పసుపు రోజు ఉదయం తేరాతాళీ, చాపల మీద. సంగీత్ సాయంత్రం 7:30కి మాంగణియార్ల పాటతో మొదలు, 8:15కి చరీ, 8:25కి కాల్బేలియా, 8:40కి భవాయీ. 9కి కింద ఘూమర్, మా వైపు అయిదుగురు, వాళ్ళ వైపు ముగ్గురు, మొదటి అడుగు నానమ్మగారిది. ఆవిడ ఒప్పుకున్నారు! అగ్నినృత్యం లేదు. బరాత్‌కి కచ్ఛీ ఘోడీ ఆరుగురు. ఎదురుకోలు దగ్గర మా సన్నాయి మేళం ఉంటుంది, రెండూ ఒకేసారి మోగితే ఎలా?

డోలక్‌దరువు | మంగళవారం, రాత్రి 9:20

గేటుకి పది గజాల ముందు కచ్ఛీ ఘోడీ ఆపెయ్యాలి. వాళ్ళు రెండు వరసలుగా విడిపోయి దారి ఇస్తారు, డోలు ఆగుతుంది, అప్పుడు సన్నాయి ఎత్తుకుంటుంది. రెండు మేళాల పెద్దల్నీ ఆ ఉదయమే గేటు దగ్గర నిలబెట్టి గుర్తు చూపించండి. పెళ్ళికొడుకు నిజం గుర్రమెక్కుతుంటే దానికీ కత్తులు తిప్పేవాళ్ళకీ మధ్య ఇరవై అడుగులు వదలండి. టపాసులు వద్దు.

వేదిక_పనోడు | మంగళవారం, రాత్రి 9:50

వేళలు ఒక గంట ముందుకి జరపండి. ఆరుబయట లౌడ్‌స్పీకర్లు రాత్రి 10కి ఆపాలి. డిసెంబరులో అక్కడ 6 లోపే పొద్దుగుంకుతుంది, 6:30కి మొదలుపెట్టినా చీకటి ఉంటుంది. సరస్సు ఒడ్డున తొమ్మిదయ్యేసరికి మంచు పడి వినైల్ తడుస్తుంది, ఘూమర్ నేల మరీనూ. కాల్బేలియాకి ముందొకసారి, ఘూమర్‌కి ముందొకసారి పొడి నూలుగుడ్డతో తుడవడానికి ఇద్దర్ని పెట్టండి. తడిగుడ్డ వద్దు, సబ్బునీళ్ళు అసలే వద్దు.